ఈల వేసినందుకు ఆగిపోయిన ఆపరేషన్

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో లోడింగ్ మేస్త్రీ బొజ్జన్న వ్రాసుకొన్న అర్జీ.

విషయం: డాక్టరమ్మ గారు వేయమన్నందున ఈల వేసి, ఆ కారణముగా ఆపరేషన్ జాబితా నుండి తొలగించబడిన నా పేరును తిరిగి చేర్చుట గురించి.

అయ్యా,

1. నా ఎడమ చెవి కింద ఎనిమిదేండ్లుగా ఒక గడ్డ ఉన్నది. శనగగింజంత ఉన్నప్పుడు గవదబిళ్ళ అనుకొని నా భార్య ఈరక్క తన బంగారు గొలుసు తీసి నా మెడలో వేసినది. గవదబిళ్ళకు మా వైపు అదే వైద్యం. ఆరు నెలలు వేసుకొన్నాను. గడ్డ తగ్గలేదు గాని, బొజ్జన్న బాగా సంపాదించినాడని ఫ్యాక్టరీలో పుకారు లేచినది. ఇప్పుడది నిమ్మకాయంత అయినది.

2. తమ ఆసుపత్రిలో స్కానింగు, సూది పరీక్ష చేసి, ఇది క్యాన్సర్ కాదని, లాలాజలం ఊరే గ్రంథిలో పుట్టిన మామూలు గడ్డ అని డాక్టర్ శ్రావణి గారు తేల్చినారు. అయితే ఇది మందులకు కరగదట. వదిలేస్తే పెరుగుతుందని, ఏండ్లు గడిస్తే ఇట్లాంటివి కొన్ని క్యాన్సరుగా మారవచ్చునని, కోసి తీయడమే మార్గమని చెప్పినారు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలో నుండే పోతుందట. గడ్డ పెద్దదయ్యేకొద్దీ దాన్ని కాపాడటం కష్టమట. నరం దెబ్బతింటే మూతి వంకర పోతుంది, కన్ను మూతపడదు, ఈల రాదు.

3. మూతి సంగతి అటుంచి ఈల సంగతి విన్నవించుకొంటాను. పాలిష్ మిషన్ల రొదలో మా దగ్గర మాట వినబడదు. నేను ఒక ఈల వేస్తే నలుగురు కలిసి బండ ఎత్తుతారు, రెండు వేస్తే దించుతారు. ప్లాస్టిక్ ఈల కొనుక్కోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. రాతి దుమ్ముకు అది రెండు రోజుల్లో మూగబోతుంది. ఇరవై రెండేండ్లలో నా ఈల కింద ఒక్కరి కాలి మీదా బండ పడలేదు. ఈ మాట గర్వంగానే చెప్పుకొంటున్నాను.

4. ఇక నేరము. ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరమ్మ గారు నరం పనిచేస్తున్నదో లేదో చూచుటకు నన్ను కండ్లు గట్టిగా మూయమన్నారు, బుగ్గలు పూరించమన్నారు, పండ్లు చూపమన్నారు, చివరకు ఈల వేయమన్నారు. వేరెవరైనా ఉఫ్ అని ఊదేవారు. నాకు వచ్చిన ఈల ఒకటే. రెండుసార్లు వేసినాను. అదే సమయానికి నాకు తోడు వచ్చిన మా బండలెత్తే కూలీలు గిడ్డయ్య, మహానంది, మరి ఇద్దరు, తమ సిబ్బంది బతిమాలినందున ఒక ఇనుప బీరువాను వరండాలో మోసుకుపోతున్నారు. రెండు ఈలలు వినగానే అలవాటు ప్రకారం ఉన్నచోటే దించినారు. ఉన్నచోటు నర్సుల గది గుమ్మం. లోపల నలుగురు నర్సమ్మలున్నారు.

సెక్యూరిటీ జయపాల్ పరుగున వచ్చి, "ఎవురప్పా నర్సమ్మలున్న తావ ఈలేసింది?" అని అరిచినాడు. అబద్ధమాడటం తెలియని గిడ్డయ్య, "మా మేస్త్రీ ఏసినాడు సార్. ఇంకొకటి ఏస్తేనే మేం ఎత్తేది" అన్నాడు.

నర్సమ్మలు బయటికి రావాలి గనుక జయపాల్ ఎదుటే ఇంకొకటి వేసినాను.

5. రిజిస్టరులో "మహిళా సిబ్బంది పట్ల పలుమార్లు ఈలలు" అని నమోదైనది. విచారణ తేలేదాకా అని నా పేరు ఆపరేషన్ జాబితా నుండి కొట్టివేసినారు. వేయమన్నది తానేనని డాక్టరమ్మ గారు వ్రాసి ఇచ్చిన కాగితం విచారణ కమిటీకి పోయినది. కమిటీ ఇంతవరకు కూర్చోలేదు. అడిగితే, ప్రమాదం లేని గడ్డే కదా, తొందరేమున్నది అంటున్నారు. మూడు నెలలైనది. ఈరక్క అయితే, "ఎనిమిదేండ్లు ఆ గడ్డను సూసి ఏడిసినా. ఇప్పుడు ఊరంతా నిన్ను సూసి నవ్వుతాండారు" అంటున్నది.

6. పోయిన వారం నా ఈల సగంలో ఉత్త గాలిగా పోయినది. బండ ఒక మూల ముందు లేచి, మహానంది కాలి పక్కన పడినది. అది నరమో, భయమో నాకు తెలియదు. ఆనాటి నుండి ఈల వేసే ముందు నలుగురి కాళ్ళు ఎక్కడున్నవో చూచుకొంటున్నాను అయ్యా.

కావున ముందు ఆపరేషన్ జరిపించి, తర్వాత విచారణ జరిపించవలెనని ప్రార్థన. మూతి ఏ తీరున ఉన్నా విచారణకు తప్పక హాజరు కాగలను. పేదవాని మొర తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బొజ్జన్న

తా.క.: ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ గారు మళ్ళీ ఈల వేయమంటారట. దానికి ఇప్పుడే అనుమతి కాగితం ఇప్పించండి. గిడ్డయ్య వాళ్ళు ఆ రోజు వరండాలో నిలబడతారట. "చేతిలో ఏమీ పట్టుకోం మేస్త్రీ, ఊరికే ఇంటాం" అన్నారు. ఈల వస్తే వాళ్ళకు వినబడుతుంది. రాకపోతే తమ రిజిస్టరులో రాయడానికి ఏమీ ఉండదు.