మెట్ల తలుపు తెరిపించి, నన్ను ఓడించవలెనని మనవి

న్యాయవాదుల సంఘం అధ్యక్షులవారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా అన్నదమ్ముల మెట్ల దావాను తమ సంఘపు చర్చ నుండి విడిపించుట గురించి.

కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న దర్జీని. పై వాటా మా తమ్ముడిది. మెట్ల కింద చోటు నాదంటే నాదని ఇద్దరం కోర్టుకెక్కగా, తీర్పు వచ్చేదాకా మెట్ల తలుపుకు తాళం ఉంచవలెనని ఉత్తర్వు అయినది. తాళం పడిన పూట మా అమ్మ మనవరాలికి జడ వేయడానికి పైకి వెళ్లి ఉన్నది. ఇంకా అక్కడే ఉన్నది.

1. పెరటివైపు ఇనుప మెట్లు కలవు. తమ్ముడి కుటుంబం వాటి మీదనే దిగుచున్నది. అవి గుండ్రని మెట్లగుటచే అమ్మ మోకాళ్లు ఒప్పుకొనుట లేదు.

2. నేనూ తమ్ముడూ ఎప్పుడో కలిసిపోయాం. ఆ చోటు నువ్వే తీసుకోరా అన్నాను. నువ్వే ఉంచుకో అన్నాడు. దాని మీద మళ్లీ కాస్త గొడవైనది, అది వేరే సంగతి. రాజీ కాగితం పట్టుకుని వెళ్తే మా లాయరుగారు నీళ్లు నమిలారు. "మీ కేసు మా సంఘం చర్చకు తీసుకుందయ్యా. మెట్లు ఆస్తా, దారా అని. అది తేలకుండా రాజీ చేస్తే సాటి సభ్యుల దగ్గర మర్యాదగా ఉండదు" అన్నారు. తమ్ముడి లాయరుగారిదీ అదే మాట.

3. ఒక్క సభ్యుడు కాదన్నా చర్చ ముగియదని, వచ్చే శనివారానికి వాయిదా పడునని తమ సంఘం ఆనవాయితీ అట. కాదనుటే వృత్తిగా గల పెద్దమనుషులు అంతమంది ఒక్కచోట చేరి ఔననే రోజు ఎప్పుడో తమరే సెలవియ్యాలి.

4. మొన్న శనివారం తమ సంఘం చర్చకు వచ్చి, వెనక బెంచీలోంచి లేచి, "అయ్యా, మేం కలిసిపోయాం" అని చెప్పుకున్నాను. తమరు కళ్లద్దాలు సవరించుకుని, "అది వాస్తవం బాబూ. ఇవాళ మనం చట్టం గురించి మాట్లాడుకుంటున్నాం, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఊరుకోవడం బాగుండదని నేనూ కొట్టాను.

5. "ఒరే పెద్దోడా, ఆ లాయర్లకి అమ్మలు లేరట్రా?" అని అమ్మ కిటికీలోంచి వీధంతా వినేలా అడుగుచున్నది. నాకు తల కొట్టేసినట్టుగా ఉన్నది. రోజూ నా పక్కన కూర్చుని బొత్తాలు కుట్టేది. ఆ కుర్చీ చూస్తే ఏడుపొస్తోందయ్యా.

కావున చర్చను ఏదో ఒక వైపు తేల్చి అయినా, అది కుదరనిచో నన్ను ఓడించి అయినా తలుపు తీయించవలెను. గెలుపు నాకు అక్కర్లేదు. అమ్మ కిందికి వస్తే చాలునన్న ఈ ఒక్క మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ
(మనసొప్పని వాది)

తా.క. కవరు అంటిస్తుండగానే తమ్ముడు తాళం పగలగొట్టాడు. సుత్తి అందించింది నేనే. అమ్మ దిగి వచ్చింది. కోర్టు ధిక్కారం, ఇద్దరూ లోపలికి పోతారని లాయర్లిద్దరూ విడివిడిగా ఫోన్ చేశారు. "పంపితే పంపనీరా, ముందు టీ తాగండి" అంది అమ్మ. అయ్యా, ఈ కొత్త కేసులో అన్నదమ్ములం ఇద్దరం ఒకే వైపు నిలబడతాం. అవతలి పక్షం ఎవరో తమ సంఘం తీరిగ్గా చర్చించుకొనవచ్చును.