గేరు పడిందని బావకు చెప్పు

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, ముందు ఆ బెంగ వదిలెయ్యి. ఆదివారం రాలేకపోయింది కారు మొరాయించడం వల్లే. వంతెన ఎక్కుతుంటే రెండో గేరు పడలేదు. కరకరమని అరిచి బండి నిలిచిపోయింది. కిరాయికి ఎక్కినాయన నన్ను నాలుగు తిట్టి వానలో నడిచి వెళ్లిపోయాడు. షెడ్డు మేస్త్రీ కిందకి వంగి కూడా చూడకుండా, "గేర్‌బాక్సు పోయిందన్నా, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. అంత స్తోమత నాకెక్కడిది? కారు అమ్మేద్దామనే అనుకున్నాను. నాకు పని నేర్పే రోజుల్లో బావ అనేవాడు గదా, "పెట్టె విప్పుదామన్నవాడి మాట ఆఖర్న విను బామ్మర్దీ, ముందు కిందకి దూరి ఆయిలు చూడు" అని. దూరి చూశాను. చక్రం ఇరుసు దగ్గర రబ్బరు సీలు చిరిగి ఆయిలంతా కారిపోయింది. సీలు మార్చి ఆయిలు పోశాక గేరు పడుతోంది. కానీ లోపల పళ్లు అరిగినట్టున్నాయి, పొద్దున్నే ఇంకా మూలుగుతోంది. ఎన్నాళ్లు లాగుతుందో చెప్పలేను.

వీధి తలుపు గడియ పైకి పెట్టించావా? బావ మళ్లీ ఒంటరిగా వెళ్లిపోతే ఎక్కడని వెతుకుతావు? మందులు నిండుకోకముందే రాయి.

మనుషులను గుర్తుపట్టడం లేదని రాశావు. అయినా గేరు పడిందని బావకు చెప్పు. ఎవరి కారని అడిగితే నీ బామ్మర్దిదని చెప్పు. బామ్మర్ది ఎవరని అడిగితే మాత్రం ఇంకేమీ చెప్పకు, అన్నం పెట్టు.

పిల్లలు చల్లగా ఉండాలి.

నీ తమ్ముడు