ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

పాప వాళ్ల నాన్నగారికి,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీరు బాగున్నారని ఒక్క ఉత్తరంలోనే మూడుసార్లు రాశారు. ఒక్కసారి రాసుంటే నమ్మేదాన్ని. ఓడలో వంటవాడు మారాడన్నారు, కడుపులో ఏమైనా తేడా చేసిందా? దాచకండి. మీరేదైనా దాస్తే అక్షరాలు కుడివైపుకి వాలిపోతాయి, నాకు తెలుసు.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది, నన్ను సాధించే ఓపిక తిరిగొచ్చింది. పాప చక్రాల కుర్చీకి కొత్త టైర్లు వేయించాను. ఇక మూడోది, "పాప బరువెంత ఉంది?" అని. కిందటి ఉత్తరంలోనూ ఇదే అడిగారు. తొమ్మిదేళ్ల పిల్ల బరువుతో సముద్రం మధ్యలో మీకేం పని? ఆ హాస్టల్ బడి గురించి మీ అక్కయ్య మళ్లీ మీ చెవిలో వేసిందని నా అనుమానం. మీరు సెలవులో వచ్చినప్పుడు ఆవిడ నా ఎదురుగానే అంది కదా, "రేపు వీళ్లమ్మ ఎత్తలేకపోతే? అక్కడైతే ఎత్తడానికి మనుషులుంటారు" అని. మీరు అవుననలేదు, కాదనలేదు. గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

అందుకే నేను జిమ్‌కి వెళ్తున్నాను. నవ్వకండి. కళ్లద్దాల షాపులో రోజంతా నేను ఎత్తే బరువేమిటి? ఫ్రేములూ, అద్దాలూ, కంటికి ఆనని స్క్రూలూ. జిమ్ మా షాపు వెనక సందులోనే ఉంది. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం విరామంలో ఇరవై అయిదు నిమిషాలు. అంతకుమించి నాకు దొరకదు. భోజనం కౌంటరు వెనక నిలబడి నాలుగు ముద్దల్లో కానిచ్చేస్తున్నాను.

ట్రైనరమ్మ గట్టి మనిషి. మొదటి వారమంతా పదిహేను కిలోల ఉత్త కడ్డీ ఇచ్చి వంగడం, లేవడం నేర్పింది. "నడుముతో కాదమ్మా, కాళ్లతో లే" అని వీపు మీద వేలితో పొడిచేది. తరవాత చిన్న చిన్న ప్లేట్లు ఎక్కించింది. పదిహేడున్నర, ఇరవై. అక్కడ ఆపేసింది. నన్ను నెలల తరబడి తిప్పుకోవడానికే సాగదీస్తోందని అనుమానమొచ్చి అడిగేశాను. "తొందరపడి నడుం పట్టేస్తే, మీ పాపని నేనొచ్చి ఎత్తనా?" అంది. ఎంత ఎత్తానో రాసి ఇంట్లో కనపడేచోట పెట్టుకోమంటే, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

ఈలోగా పాప తిండి తగ్గిపోయింది. సగం తిని "చాలమ్మా" అంటుంది. బడి నుంచి డబ్బా సగం నిండుగానే తిరిగొస్తోంది. నా అనుమానం సూటిగా అత్తయ్య మీదికి పోయింది, భోజనానికి ముందు చాటుగా బిస్కెట్లు పెడుతోందేమోనని. మూత తీస్తే తెలిసేలా బిస్కెట్ల డబ్బాకి పెన్సిల్‌తో గీత కూడా గీశాను. గీత కదల్లేదు. అయినా నా మనసు ఊరుకోక, మొన్న ఆదివారం ఆవిడనే నిలదీశాను. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"నేను బిస్కెట్లు పెడుతున్నానా? నెల రోజులుగా పిల్లని బతిమాలలేక చస్తున్నాను. అందరి మీదా నిఘా పెడతావు గానీ, నువ్వు అంటించిన కాగితం నువ్వే చూసుకోవు. వెళ్లి చూడు!"

చూశాను. నా ఇరవై పక్కన పెన్సిల్‌తో, చిన్నగా, "నేను 25" అని రాసి ఉంది. కిందటి నెల ఆసుపత్రిలో తూచినప్పుడు పాప బరువు అంతే.

ఎందుకు రాశావని పాపని అడిగాను. 

"నువ్వింకా ఇరవైలోనే ఉన్నావు కదమ్మా. నువ్వు నన్ను దాటేదాకా పెరగకుండా ఆగుతున్నా."

ఇప్పుడు మీకొకటి చెప్పాలి. దాచకండని మీకు నీతులు చెప్పాను గానీ, అసలు దొంగని నేనే. మూడు నెలల కిందట పాప గడ్డానికి రెండు కుట్లు పడ్డాయనీ, కుర్చీ బ్రేకు పడక జారిందనీ రాశాను. అబద్ధం. స్నానాల గదిలో నేనే దాన్ని జారవిడిచాను. తడి ఒళ్లు, నా నడుం కలుక్కుమంది, చేతులు వదిలేశాయి. గడ్డం నుంచి నెత్తురు కారుతూండగా అదే అంది, "బ్రేకు పడలేదని చెబుదామమ్మా, లేకపోతే నాన్న నన్ను హాస్టల్‌కి పంపించేస్తాడు" అని. మీ అక్కయ్య ఆ బడి మాటెత్తిన రోజు పక్కగదిలో ఉండి అంతా విందన్నమాట. నేను సరేనన్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న పాపని జిమ్‌కి తీసుకెళ్లి ట్రైనరమ్మకి సంగతంతా చెప్పాను. ఆవిడ కడ్డీకి ప్లేట్లు ఎక్కించింది. "ముప్ఫై. పోయిన వారమే ఎత్తేదానివి. నీ మీద నీకే నమ్మకం కుదరాలని ఆగాను" అంది. పాప నా కూతురే కదా, ప్లేట్ల మీది అంకెలు రెండుసార్లు కూడింది. "కడ్డీ పదిహేనని ఎలా తెలుసు?" అని అడిగింది. ట్రైనరమ్మ ప్లేట్లన్నీ ఊడదీసి, కడ్డీని తూకం మీద పెట్టి చూపించి, మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

ఎత్తాను. ఒకసారి కాదు, అయిదుసార్లు ఎత్తాను.

కాబట్టి ఆ బడి మీ మనసులో ఉంటే తీసేయండి. తీసేయలేకపోతే గోడవైపు చూడకుండా నాకే రాయండి, పోట్లాడుకుందాం. నేను మళ్లీ ఎప్పుడైనా జారవిడిస్తే ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను.

తిరిగొస్తుంటే సందు చివర పాప కుర్చీ ఆపమంది. 

"అమ్మా, నాకు చాలా రోజుల్నించీ ఆకలేస్తోంది" అంది.

ఇట్లు,
మీ పాప వాళ్లమ్మ