తెరాయికి దాచిన దుప్పటి

అయిటుటాకి దీవి

బంగారం లాంటి మా తెరెమొఆనా అక్కకి,

ఆక్లండ్ చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో అని నేనిక్కడ ఎండలో కూర్చుని బెంగపడుతున్నాను. మా అబ్బాయి మతాయో పెళ్ళాంబిడ్డలతో ఇంటికి వచ్చేశాడు. వాళ్ళకి గది కావాలని ఇల్లంతా ఖాళీ చేశాను. సముద్రం మీదికి వేటకెళ్ళి తిరిగిరాని నా మొగుడు తెరాయి సామాను ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వలేదు కదా, ఈసారి నా చేతులతోనే పంచిపెట్టాను. వల మేనల్లుడికి, చొక్కాలు పక్కింటి టాంగికి. "ఇవేసుకుంటే నాకూ తెరాయి అంత పొగరొస్తుందేమో వదినా" అన్నాడు టాంగి. నవ్వాను కూడా.

పెట్టెలో దుప్పటి మాత్రం ఇవ్వలేను. మా పెళ్ళికి అమ్మా నువ్వూ ఎర్రమందారాలు కుట్టిన తివైవై. మా ఇద్దరిలో ముందు పోయినవాళ్ళతో అది మట్టిలోకి వెళ్ళాలి. మతాయో ఇప్పుడు దాన్నే అడుగుతున్నాడు. "అందరి తాతలూ వాళ్ళ వాకిట్లోనే సమాధుల్లో ఉన్నారు, మా తాతేడీ అని పిల్లలు అడుగుతున్నారమ్మా. మనిషి దొరక్కపోతే దుప్పటైనా పూడుద్దాం" అంటాడు. "నా కంఠంలో ప్రాణముండగా కుదరదు" అన్నాను. చొక్కాలైతే మళ్ళీ కొనొచ్చు. ఆ దుప్పటి ఇచ్చేస్తే ఆయన చచ్చిపోయినట్టే అక్కా. నాకింకా ఆశ చావలేదని నీకొక్కదానికే చెబుతున్నాను. తిట్టకు.

నీ తువాయినే

*

అక్కా,

నీ జవాబు రాకముందే అంతా అయిపోయింది.

మొన్న చేపల కోసం రేవుకెళ్ళాను. పడవ దగ్గర ఒక మనిషి అటు తిరిగి వంగి ఉన్నాడు. తెరాయి నీలంపూల చొక్కా. అవే భుజాలు. నాకు ఒళ్ళు తెలియలేదు. "వచ్చావా!" అని అరుస్తూ నీళ్ళలోకి పరుగెత్తాను. అతను ఇటు తిరిగితే టాంగి. నేనిచ్చిన చొక్కాయే. పాపం, గబగబా గుండీలు విప్పేస్తూ "తీసుకుపో వదినా, నాకొద్దు, ఇంకెప్పుడూ తొడుక్కోను" అని ఏడ్చాడు. "ఉంచుకో. నీకు బాగుంది" అన్నాను. తడిబట్టలతోనే ఇంటికొచ్చి మతాయోతో "తవ్వు" అన్నాను.

అమ్మ సమాధి పక్కనే తవ్వాడు. చర్చి ఆడవాళ్ళు వచ్చి పాడారు. కోడలు గోతిలోకి దిగి దుప్పటి పరుస్తుంటే నాకు మనసాగలేదు. "ఇంకొంచెం కిందికి లాగమ్మా, మీ మామ పొడుగు, కాళ్ళు బయటికొస్తాయి" అన్నాను. అందరూ నవ్వబోయి ఏడ్చారు. ఇన్నేళ్ళకి నేనూ తనివితీరా ఏడ్చాను.

పిల్లలు అప్పుడే ఆ మట్టి పక్కన కూర్చుని మామిడికాయలు తింటున్నారు. తాతకీ ఒక ముక్క పెట్టారు.

పెట్టె ఖాళీ అయిపోయింది. ఇక నామీద కప్పడానికి ఇంట్లో ఏమీ లేదు అక్కా. నీ కళ్ళు కనిపిస్తుండగానే ఒకటి మొదలుపెట్టు. మళ్ళీ మందారాలే కుట్టు. ఆయన పక్కన నాకు చోటు వదలమని మతాయోకి చెప్పాను. తొందరేం లేదులే, నెమ్మదిగా కుట్టు.

నీ చెల్లెలు,
తెరాయి భార్య తువాయినే