ఆట ముగియకముందే కదిలే ఆఖరి బండి

నాన్నకు,

ఈ కార్డు ముందు అమ్మే చదువుతుంది కాబట్టి మొదటే రాస్తున్నా: నా కాలు బెణికింది, విరగలేదు.

శనివారం మా కుట్టుషెడ్డు వాళ్ళం పొరుగూళ్ళో మా జట్టు ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్ళాం. ఆట తొమ్మిదిన్నరకు ముగుస్తుంది, ఆఖరి బండి తొమ్మిదింపావుకే కదులుతుంది. ఎప్పటిలాగే మధ్యలో లేచొచ్చి బండెక్కాం. అంతలో స్టేషన్ పక్కనున్న ఆట మైదానంలో పెద్ద కేక లేచింది. "మనవాళ్ళు గోలు కొట్టేశారే!" అని మా కటింగ్ అక్క అరిచేసరికి పెట్టె పెట్టంతా కిందికి దూకేశాం. ఊరు వాళ్ళది, గోలూ వాళ్ళదే. బండి ఒక్కటే మాది, అది కాస్తా వెళ్ళిపోయింది.

తెల్లారేదాకా స్టేషన్ బల్లల మీదే పడున్నాం. స్టేషన్ మాస్టరు "ఆటే ముందు పెట్టుకోమనండమ్మా" అన్నాడు. ఊరుకుంటానా? మూడు వందల సంతకాలు పోగుచేశాను. బండి అరగంట ఆలస్యంగా కదలాలంటే అర్జీ ఎవరి పేర పెట్టాలో వెంటనే రాయి. వంటింటి కిటికీ రెక్క బాగుచేయించారా? అమ్మకు దణ్ణాలు, తమ్ముడికి దీవెనలు.

అర్జీ తేలినా తేలకపోయినా, వచ్చే ఆటకు చివరి ఈల వినేదాకా కుర్చీలోంచి లేవను.

ఇట్లు,
ప్లాట్‌ఫారం మీద ఒక్కరు పరుగెత్తుకొస్తున్నా ఈల ఊదని గార్డు కూతురు.