గుండు ఎత్తేదానికి పది రోజులు

ఫిబ్రవరి 20, శుక్రవారం. పొద్దున 5:30
మార్చి ఒకటిన కనగానపల్లి పక్కన మా అత్తగారి ఊళ్ళో జాతర. ఎనభై కిలోల రాతిగుండు భుజానికెత్తాల. పోయినేడు నా మోకాలు దాటలేదు. ఊరంతా నవ్వింది. నా కూతురు సుచిత్ర ఏడ్చింది. ఈసారి "మా నాయన ఎత్తుతాడు" అని మూడో తరగతి మొత్తానికీ చెప్పిపెట్టుండాది. ఎత్తాల్సిందే!

కొన్నవి: ప్రొటీన్ పొడి. ప్రోబయోటిక్ గొట్టం మాత్రలు, ముప్పై. జిమ్ము రాఘవేంద్ర చెప్పినాడు: "పొడి ఒకటే తాగితే చాలదు ఆనందన్నా. కడుపులో మంచి బ్యాక్టీరియా ఉంటేనే ఒంటికి పట్టేది." ఇన్నాళ్ళూ తిన్నదంతా యాడికి పోయిందో ఇప్పుడర్థమైంది.

21, శనివారం
పరుగు: రెండు కిలోమీటర్లు. దండీలు: 20. గుడ్లు: 4. మాత్ర: 1.
చేతులు రవ్వంత లావైనట్లుండాయి. "నిన్న మింగితే ఈ పొద్దుకేనా?" అనింది నా పెండ్లాం వరలక్ష్మి. దానికి సైన్సు తెలీదు.

23, సోమవారం
కడుపుబ్బరం. మగ్గం గుంతలో కూర్చుంటే లోపల ఇంకో మగ్గం ఆడతాండాది. రాఘవేంద్రకు ఫోన్ చేస్తి. "బ్యాక్టీరియా పనిలోకి దిగిందిలే అన్నా" అన్నాడు. పెండ్లిచీర అర్జెంటు. పరుగు రేపు.

25, బుధవారం
పరుగు లేదు. పొద్దంతా మగ్గం మీద నాడె ఆడించేది కసరత్తు కాదా?
సాయంత్రం చూస్తే మాత్రల డబ్బా ఖాళీ.
"తోడుకు పెరుగు లేకపోతే విప్పి పాలల్లో కలిపితి" అనింది వరలక్ష్మి. "పెరుగులో ఉండే పురుగులే దాంట్లో ఉంటాయని నువ్వే కదా అంటివి?"
"అన్నీనా?"
"పక్కింటి కుళ్ళాయమ్మక్క తోడుకని అడిగె. ఆయమ్మను చూసి వీధంతా అడిగె."
ఒళ్ళు మండింది. పెరుగు మాత్రం గడ్డగా, కమ్మగా ఉండాది. సంగట్లో రెండు గిన్నెలు తిని పడుకుంటి.

27, శుక్రవారం
చీర ఇచ్చేదానికి హిందూపురం పోతి. బస్సు పెనుకొండలో ఆగింది. మిరపకాయ బజ్జీలు: 6. దండీలు: సున్నా. శనగపిండి కూడా ప్రొటీనే కదా.

మార్చి 1, ఆదివారం. జాతర
గుండు నడుము దాకా వచ్చింది. ఆడ నిలిచిపోయింది. కింద పడేస్తి.
మళ్ళా నవ్వినారు. మా మామ దాసప్ప తల తిప్పుకున్నాడు. పాపను చూసేదానికి నాకు మొహం చెల్లలేదు. అదే వచ్చి, నా మోకాలి నుంచి నడుము దాకా జానలేసి కొలిచింది.
"పోయినేటికన్నా మూడు జానలెక్కువ నాయనా. భుజానికి ఇంగ మూడే."
అందరి ముందరా కండ్లల్లో నీళ్ళొచ్చె.

మార్చి 2, సోమవారం. పొద్దున 5:30
సుచిత్ర లేపింది. బళ్ళో ఏం చెప్తావు పాపా అంటే, "సగం ఎత్తినాడు, మిగతా సగానికి రోజూ పరిగెత్తుతాండాడని చెప్తా" అనింది.
ఒళ్ళంతా నొప్పులు. రేపట్నించి మొదలుపెడతాలే అంటి.
"నేను చెప్పేది ఈ పొద్దే కదా నాయనా."
చొక్కా ఏసుకుంటాండా.