ఈగను తీసి తాగినవాడు

బావగారికి,

మన హోటల్ వంటగదికి సర్దుకుపోయే మనిషే కావాలన్నారు. ఆ సర్దుబాటు ఎంతదాకా పోయిందో వినండి.

ఇంటర్వ్యూ రోజు, పనికోసం వచ్చిన ఇద్దరి ముందు పెట్టిన నీళ్ళ జగ్గులో ఈగ పడింది. "ఈ నీళ్ళు పారబోయండి" అంది వాళ్ళలో అమ్మాయి. పక్కనతను ఈగను వేలితో తీసి పడేసి, "ఫర్వాలేదండీ" అంటూ గ్లాసు నింపుకుని గటగటా తాగాడు. అమ్మాయిది నోటి దురుసన్నారు మీరు. అతని మర్యాదకు మురిసిపోయి పనిలో పెట్టారు.

ఈ పొద్దున పొయ్యి దగ్గర బొద్దింకను చూసి నేను కేక పెట్టాను. అతను నవ్వాడు. "నిన్న ఒకటి సూపులోనే పడిందండీ. గరిటెతో తీసేసి మూత పెట్టాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు.

అప్పటికప్పుడు పంపించేశాను. హోటల్ మూసి, గిన్నెలన్నీ వేడినీళ్ళతో తోమిస్తున్నాను. ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను, ఆ జిడ్డు వదిలినట్టే లేదు.

ఆ అమ్మాయి చిరునామా మీ దగ్గరుంది, పంపండి. నాకు ఆ నోరే కావాలి.

అక్కకు మాత్రం ఏమీ చెప్పకండి. నిన్న మీరిద్దరూ బాగుందని రెండోసారి పోయించుకున్నది ఆ సూపే.

మీ మరదలు